“ముద్ర పడి పాడైపోయింది” అన్నారు: తాతయ్య పెట్టెలో దొరికిన 1971 నాటి కవరు

హన్మకొండ_అనూష
తాతయ్య పోయి సంవత్సరం దాటింది. పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద రేకు పెట్టె ఒకటి దొరికింది. నిండా ఉత్తరాలే. ఎక్కువగా కార్డులు, కొన్ని ఇన్లాండ్ లెటర్లు, పదిహేను దాకా కవర్లు.

అందులో ఒక కవరు గురించి అడగాలి. దాని మీద రెండు స్టాంపులున్నాయి. ఒకటి 20 పైసలది, దాని మీద చిన్న యుద్ధ విమానం. రెండోది 5 పైసలది, ఎర్రగా ఉంది, కుటుంబ నియంత్రణ బొమ్మ. ఈ ఎర్రదాని మీద ఊదా రంగు సిరాతో, కాస్త వంకరగా, ఇంగ్లీషులో ‘రెఫ్యూజీ రిలీఫ్’ అని రబ్బరు ముద్ర కొట్టారు. చివరి అక్షరం సగమే పడింది. తేదీ ముద్ర 24 నవంబరు 1971. ఊరి పేరు అలుక్కుపోయింది, చివర ‘పూర్’ మాత్రం కనబడుతోంది. రాసింది మా చిన్న తాతయ్య. ఆయనకు రైల్వేలో ఉద్యోగం, ఎన్నో ఊళ్లు తిరిగారు.

పాత నాణేలు, స్టాంపులు కొనే ఒక దుకాణంలో చూపిస్తే, “ముద్ర పడి స్టాంపు పాడైపోయిందమ్మా, విమానం బొమ్మ మాత్రం నీళ్లలో నానబెట్టి తీసుకురండి” అన్నారు. మా బాబాయి కూడా నానబెట్టి ఆల్బంలో అంటిద్దామంటున్నారు. గిన్నెలో నీళ్లు పోసేశారు కూడా. ఎందుకో మనసొప్పలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

బిద్రీ_కూజా
ఆ గిన్నెలో నీళ్లు ముందు పారబోయండి!

ఆ ఊదా ముద్ర వల్లనే ఆ కవరుకు విలువ. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటి మంది కాందిశీకులు మన దేశంలోకి వచ్చారు. వాళ్లను పోషించడానికి వేసిన పన్నుల్లో ఇదొకటి. 15 నవంబరు 1971 నుంచి ఉత్తరాల మీద మామూలు తపాలా ఖర్చుకు తోడు ఇంకో 5 పైసలు కట్టాలన్నారు. అప్పుడు కవరుకు 20 పైసలు. మీ కవరు లెక్క సరిగ్గా సరిపోయింది చూడండి: 20 విమానానికి, 5 కాందిశీకులకు.

అయితే దీనికోసం ప్రత్యేకంగా వేసే స్టాంపు అప్పటికి సిద్ధం కాలేదు. అది 1 డిసెంబరు 1971న వచ్చింది. అందాకా చేతిలో ఉన్న 5 పైసల కుటుంబ నియంత్రణ స్టాంపు మీదే ‘రెఫ్యూజీ రిలీఫ్’ అని నాసిక్ ముద్రణాలయంలో అచ్చువేసి పంపారు. అవి అందని చోట్ల తపాలా కార్యాలయాలే స్థానికంగా ముద్రలు చేయించుకుని కొట్టుకున్నాయి. అందుకే ఊరికో రకం అక్షరాలు, ఊరికో సిరా. మీ దగ్గరున్నది ఆ రెండు వారాల తొందరలో ఎవరో గుమాస్తా చేత్తో కొట్టిన ముద్ర.

ఊదా సిరాకు నీళ్లు తగిలితే కరిగి కారిపోతుంది. స్టాంపు ఊడదీస్తే తేదీ ముద్ర సగం కాగితం మీదే ఉండిపోతుంది. కవరును కవరుగానే ఉంచండి.

మానేరు_గట్టు
పై మాటకు నా రెండు చేతులూ ఎత్తుతున్నాను. ఆ దుకాణదారుకు తెలియక అన్నారో, తెలిసే అన్నారో గానీ ఇంకోసారి అటు వెళ్లకండి.

హన్మకొండ_అనూష
నీళ్లు తులసికోటలో పోసేశాను. బాబాయికి మీ జవాబు చదివి వినిపించాను. ఇప్పుడు ఆయన పెట్టె దగ్గరికి ఎవరినీ రానివ్వడం లేదు.

జగిత్యాల_మాస్టారు
అనూషా, ఆ పెట్టె అడుగున స్టాంపులాగే ఉండి ధర రాయని చిన్న బొమ్మ కాగితాలు ఏమైనా ఉన్నాయేమో చూడమ్మా. ఎర్రటి రెండడ్డగీతల శిలువ గుర్తు ఉంటుంది. అవి క్షయ నివారణ సీళ్లు. అందరూ టీబీ సీళ్లు అనేవాళ్లం.

ముప్పై నాలుగేళ్లు బడిలో పనిచేశాను. ఏటా గాంధీ జయంతి దాటాక ఆ సీళ్ల కాగితాలు బడికి వచ్చేవి. తరగతికి కొన్ని చొప్పున పంచేవాళ్లం. పిల్లలు ఇంట్లో చిల్లర అడిగి తెచ్చి కొనుక్కునేవారు. కొందరు నోటుపుస్తకం అట్ట మీద, కొందరు పలక చట్రం మీద అంటించేవారు. ఒక పిల్లవాడు మాత్రం దాచుకున్నాడు. ఎందుకురా అంటే, “మా అమ్మకు దగ్గు తగ్గాక అమ్మ చేతికిస్తాను సార్” అన్నాడు. నలభై ఏళ్లయినా ఆ మాట మరవలేదు.

మన దేశంలో ఈ సీళ్ల అమ్మకం 1950లో మొదలైంది. భారత క్షయ నివారణ సంఘం నడిపేది.

తెల్లకోటు
మాస్టారూ, ఆ రెండడ్డగీతల గుర్తుకు ఒక కథ ఉంది. 1902లో బెర్లిన్‌లో జరిగిన సమావేశంలో సెర్సిరాన్ అనే పారిస్ డాక్టరు, క్షయ మీద పోరాటానికి ఇదే గుర్తు కావాలని ప్రతిపాదించారు. పాతకాలపు లొరేన్ శిలువ అది. అప్పటి నుంచి ప్రపంచమంతా వాడుతోంది.

సీళ్ల ఆలోచన మాత్రం డాక్టరుది కాదు, తపాలా గుమాస్తాది. డెన్మార్క్‌లో ఐనార్ హోల్‌బోల్ అనే ఆయన. 1903 క్రిస్మస్ రోజుల్లో గుట్టలుగా వచ్చిన శుభాకాంక్షల ఉత్తరాలు వేరుచేస్తుండగా, ప్రతిదాని మీదా ఇంకో చిన్న బిళ్ల అంటిస్తే క్షయ సోకిన పిల్లలకు ఆసుపత్రి కట్టవచ్చు కదా అనుకున్నారట. మరుసటి ఏడాది 1904లో మొదటి సీలు వచ్చింది. తొలి ఏడాదే 40 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. 1907లో అమెరికాలో ఎమిలీ బిస్సెల్ అనే ఆమె అదే పద్ధతి అందుకున్నారు. ఒక చిన్న ఆసుపత్రి మూతపడకుండా 300 డాలర్లు కావాలని మొదలుపెడితే దాదాపు 3000 వచ్చాయి.

ఖిలా_వరంగల్
ఇక్కడ ఒక తేడా గమనించాలి. టీబీ సీలు స్టాంపు కాదు. దానితో ఉత్తరం వెళ్లదు. అది మాత్రమే అంటించి డబ్బాలో వేస్తే బేరింగు పడుతుంది, అందుకున్నవాడు డబ్బు కట్టి విడిపించుకోవాలి. మా మేనమామ అలా వేసి తిట్లు తిన్నాడు.

మానేరు_గట్టు
మేనమామకు దానగుణం ఎక్కువ, ఖర్చు మాత్రం అవతలివాళ్లది!

రుద్రమ_వీధి
నాది కొంచెం వేరే మాట. టీబీ సీలు ఇష్టమైతే కొంటాం, లేకపోతే లేదు. అది దానం. 1971 స్టాంపు కట్టి తీరాల్సిందే, అది పన్ను. రెండింటినీ ఒకే గాటన కట్టడం నాకు నచ్చదు. పైగా యుద్ధం 16 డిసెంబరు 1971న ముగిసింది. తరువాతి నెలల్లో కాందిశీకులు చాలామంది తిరిగి వెళ్లిపోయారు. ఈ 5 పైసలు మాత్రం 31 మార్చి 1973 దాకా వసూలయ్యాయి. ఉత్తరం రాసుకునే పేదవాడి దగ్గర ఏడాదికి పైగా తీసుకున్నదాన్ని దాతృత్వం అనాలా?

బిద్రీ_కూజా
ఖచ్చితంగా మాట్లాడాలంటే మీదే సరి. స్టాంపులు సేకరించేవాళ్లు వీటిని వేరువేరుగానే చూస్తారు. మామూలు ధర మీద కొంత అదనంగా అచ్చువేసి, ఇష్టమున్నవాడు కొనుక్కునేది ఒకటి. తప్పనిసరిగా అంటించాల్సిన పన్ను స్టాంపు ఇంకొకటి. తపాలాకు పనికిరాని సీలు మూడోది.

కానీ పేదవాడి మాటకు ఒక చిన్న సవరణ. కార్డులకు, వార్తాపత్రికలకు మినహాయింపు ఉండేది. అప్పట్లో పేదవాడి ఉత్తరం అంటే 10 పైసల కార్డే. అనూష గారి పెట్టెలో ఎక్కువగా కార్డులే ఉన్నాయన్నారు కదా, వాటి మీద ఈ స్టాంపు కనబడదు.

హన్మకొండ_అనూష
నిజమే! 1972 నాటి కార్డులు ఆరు చూశాను. ఒక్కదాని మీదా లేదు. ఆ ఏడాది కవర్లు మూడున్నాయి, మూడింటి మీదా ఉంది. వాటి మీదివి చేతి ముద్రలు కావు, కాందిశీకుల బొమ్మతో అచ్చయిన స్టాంపులు.

రుద్రమ_వీధి
కార్డులకు మినహాయింపు అన్న సంగతి నాకు తెలియదు. ఆ మేరకు నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. 1973 దాకా వసూలు గురించి మాత్రం తీసుకోను.

కాగజ్‌నగర్_శ్రీను
అక్కా, నాది ఇంకో వైపు నుంచి. మా కాగజ్‌నగర్ దగ్గర ఈస్‌గాం చుట్టుపక్కల బెంగాలీ క్యాంపులున్నాయి. తూర్పు బెంగాల్ వదిలి వచ్చిన కుటుంబాలకు అక్కడ భూములిచ్చి స్థిరపరిచారు. నజ్రుల్ నగర్ అని ఊరి పేరే ఉంది. నాతో చదివినవాళ్లలో సగం మంది ఇంట్లో బెంగాలీ, బడిలో తెలుగు. చాలామంది 1971కి ముందే వచ్చినవాళ్లు. అందరూ తిరిగి వెళ్లలేదు, వెళ్లడానికి వాళ్లకు ఊరు మిగల్లేదు.

నా స్నేహితుడి నానమ్మ దుర్గాపూజ రోజు ఇంటికి పిలిచి చేపల పులుసు పెట్టేది. ఏ ఊరు అమ్మమ్మా మీది అంటే నది పేరు చెప్పేది తప్ప ఊరి పేరు చెప్పేది కాదు. ఆ 5 పైసలు పన్నా దానమా నాకు తెలియదు. ఎవరికోసమో మాత్రం తెలుసు.

జగిత్యాల_మాస్టారు
శ్రీనూ, బాగా చెప్పావు నాయనా.

పాత_ఉత్తరం
చేతి ముద్రల గురించి ఒక హెచ్చరిక. రబ్బరు ముద్ర ఎవరైనా చేయించుకోవచ్చు. పాత 5 పైసల కుటుంబ నియంత్రణ స్టాంపులు కోకొల్లలుగా దొరుకుతాయి. వాటి మీద ఇప్పుడు ముద్ర కొట్టి అమ్మేవాళ్లున్నారు. నేను ఒకసారి మోసపోయాను. అందుకే విడి స్టాంపు కన్నా కవరు మీద ఉన్నదే నమ్మదగింది. మూడు చూడాలి. తపాలా ఖర్చు మొత్తం సరిపోయిందా? తేదీ 15 నవంబరు తరువాతదేనా? అన్నిటికన్నా ముఖ్యం, ఊదా ముద్ర కింద ఉందా, నల్ల తేదీ ముద్ర దాని పైకి వచ్చిందా? తేదీ ముద్ర మీదుగా ఊదా సిరా పోయి ఉంటే అనుమానించాలి.

హన్మకొండ_అనూష
భూతద్దంతో చూశాను. తేదీ ముద్ర అంచు వంపు ఊదా అక్షరాల మీదుగా వెళ్లింది. రెండూ కలిసిన చోట నలుపు పైన ఉంది, కింద ఊదా కాస్త చెదిరింది. సగమే పడిందన్న చివరి అక్షరం మిగతా సగం స్టాంపు పళ్లు దాటి కవరు మీద కూడా లేదు. అంటే స్టాంపు ఇంకా పెద్ద కాగితంలో ఉండగానే కొట్టారా?

పాత_ఉత్తరం
అంతే. కాగితం కాగితం వరుసగా కొట్టుకుంటూ పోయారు. మిగతా సగం పక్క స్టాంపు మీద పడి ఉంటుంది. ఆ పక్క స్టాంపు ఎవరి ఉత్తరం మీద ఏ ఊరు వెళ్లిందో! మీది అసలుదే అని నా నమ్మకం.

ఖిలా_వరంగల్
20 పైసల స్టాంపు మీద విమానం సంగతి ఎవరూ అనలేదేమిటి? అది నాట్. మీ కవరు తేదీకి రెండు రోజుల ముందు, 22 నవంబరున, బెంగాల్ సరిహద్దులో బొయ్రా దగ్గర ఈ నాట్ విమానాలే పాకిస్తాన్ సేబర్ జెట్‌లను కూల్చాయి. యుద్ధం ఇంకా ప్రకటించనే లేదు, 3 డిసెంబరున కదా మొదలైంది. ఒకే కవరు మీద ఒక పక్క ఆ విమానం, పక్కనే కాందిశీకుల పైసలు. ఎవరూ కావాలని కూర్చింది కాదు, కవరు ధర అంతే కాబట్టి అలా కుదిరింది. నాకైతే ఒళ్లు జలదరించింది.

బిద్రీ_కూజా
ఇది నాకూ తట్టలేదు. అద్భుతం.

గోదారి_రాళ్లు
అదే ఏడాది అవతలి వైపు నుంచి కూడా స్టాంపులు వచ్చాయి. 29 జులై 1971న బంగ్లాదేశ్ తాత్కాలిక ప్రభుత్వం ఎనిమిది స్టాంపులు విడుదల చేసింది. దేశం ఇంకా చేతికి రాలేదు, స్టాంపులు మాత్రం వచ్చేశాయి! గీసింది బిమన్ మల్లిక్, బ్రిటన్‌లో ఉండే బెంగాలీ చిత్రకారుడు. 1969లో బ్రిటన్ వేసిన గాంధీ స్టాంపు కూడా ఆయనదే. ఎనిమిదింటిలో నా దగ్గర ఏడున్నాయి. అన్నిటికన్నా పెద్దది, 10 రూపాయలది, ‘బంగ్లాదేశ్‌కు అండగా నిలవండి’ అన్న పిలుపు ఉన్నది, ఇంకా దొరకలేదు. ఎవరి దగ్గరైనా రెండుంటే చెప్పండి.

రుద్రమ_వీధి
దానం స్టాంపుల చరిత్ర అంతా మంచిదే అన్నట్టు మాట్లాడుకుంటున్నాం. హిట్లర్ కాలపు జర్మనీలో చలికాలపు సహాయం పేరుతో ఏటా అదనపు ధర స్టాంపులు వేశారు. 1937 నుంచి హిట్లర్ సంస్కృతి నిధికి అని ఇంకొన్ని. బొమ్మలు చూస్తే ఎంతో అందంగా ఉంటాయి. డబ్బు వెళ్లింది ఎటు? ఏ బొమ్మ వేసి ఎవరి పేరున అడిగారో, ఆ లెక్క ఎవరు చూశారో అడగకుండా ఆల్బంలో పెట్టుకోవడం నావల్ల కాదు. నేను సేకరిస్తాను, కానీ పక్కన ఆ సంగతి రాసి పెడతాను.

జగిత్యాల_మాస్టారు
అలా రాసి పెట్టడమే సరైన పద్ధతి. మా బడిలో సీళ్ల డబ్బు పైసాతో సహా పుస్తకంలో రాసి, రసీదు గోడకు అంటించేవాళ్లం. పిల్లలు వచ్చి తమ తరగతి అంకె వెతుక్కునేవారు.

తెల్లకోటు
మొట్టమొదటి దానం స్టాంపు ఏదని ఎవరైనా అడుగుతారని చూస్తున్నాను. 1897లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌ది. అది కూడా క్షయ రోగుల ఆశ్రమం కోసమే. 1 పెన్నీ స్టాంపును 1 షిల్లింగుకు, అంటే పన్నెండింతలకు అమ్మారు. రెండున్నర పెన్నీలది రెండున్నర షిల్లింగులకు.

న్యూజిలాండ్‌లో 1929లో మొదలైన ఆరోగ్య స్టాంపులు కూడా మొదట క్షయ పేరుతోనే. తరువాత బలహీనంగా ఉన్న పిల్లల ఆరోగ్య శిబిరాలకు మళ్లాయి. 1931లో నవ్వుతున్న పిల్లవాడి బొమ్మతో ఎరుపు, నీలం రెండు వేశారు. అవి ఆర్థిక మాంద్యం రోజులు, కొన్నవాళ్లు తక్కువ. అందుకే ఇప్పుడు వాటికి అంత ధర. డబ్బు లేక కొనలేకపోయినందువల్ల అరుదైన నవ్వు అది.

ఇన్ని దేశాల్లో క్షయే ఎందుకు? అప్పుడు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ 1943లో కనుగొన్నారు. అంతకు ముందు గాలి, వెలుతురు, తిండి, విశ్రాంతి, అంతే. అంటే మంచాలు కావాలి, భవనాలు కావాలి, నెలల తరబడి పోషణ కావాలి. దానికి చిల్లర చిల్లరగా ఎడతెగకుండా డబ్బు వస్తూ ఉండాలి. ఉత్తరం మీద అంటించే బిళ్ల అందుకు సరిగ్గా అమిరింది.

నర్సమ్మ_మనవరాలు
తెల్లకోటు గారూ, మంచాలు అన్న మాట చదివి ఇంతసేపూ రాయనిదాన్ని రాస్తున్నాను. మా నానమ్మ పెళ్లైన కొత్తలో క్షయతో వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండ మీది ఆసుపత్రిలో పది నెలలుంది. మాది హుజూరాబాద్ దగ్గర పల్లె. అంత దూరం ఎవరూ తరచుగా వెళ్లలేకపోయేవారు. తాత నెలకొక కార్డు రాసేవాడు. నానమ్మకు చదువు రాదు. పక్క మంచం ఆమె చదివి పెట్టేదట. ఆ ఆమె వెళ్లిపోయాక, చదివేవాళ్లు లేక మూడు కార్డులు దిండు కింద అలాగే పెట్టుకుంది. ఇంటికొచ్చాక తాత చేతనే చదివించుకుంది.

ఆ మూడు కార్డులు మా దగ్గరున్నాయి. ఏ స్టాంపు విలువా లేని మామూలు కార్డులు.

జగిత్యాల_మాస్టారు
అమ్మా, వాటిని భద్రంగా ఉంచు.

తెల్లకోటు
ఆ దూరమే ఎందరినో చంపింది. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధనలో, ఇంట్లో ఉండి మందులు వాడిన రోగులను, ఆసుపత్రిలో ఉంచినవారిని పోల్చి చూశారు. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో వాడినా అంతే బాగా నయమవుతోంది, ఇంట్లోవాళ్లకు ముప్పు కూడా పెరగడం లేదు. ప్రపంచమంతా చికిత్స పద్ధతి మార్చుకుంది. తరువాతి తరానికి పది నెలలు కొండ మీద ఉండాల్సిన పని తప్పింది.

నిజామాబాద్_పసుపు
మా డిచ్‌పల్లి సంగతి కూడా చెప్పుకోవాలి. క్షయ కాదు, కుష్ఠు. వంద సంవత్సరాల కిందట ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండ్ డాక్టరమ్మ అక్కడ ఆసుపత్రి పెట్టింది. మా నిజామాబాద్ నర్సాగౌడ్ గారు విరాళమిచ్చారు. అప్పటి చికిత్స చాల్‌మూగ్రా అనే చెట్టు గింజల నూనె ఇంజెక్షన్లు. ఊళ్లోకి రానివ్వని రోగులు నడిచి నడిచి అక్కడికి చేరేవారట. స్టాంపు లేకపోయినా ఇది ఈ చర్చలోదే అనిపించింది.

మానేరు_గట్టు
ఇదే ఊపులో మన వరంగల్ స్టాంపు కూడా ఒకటి చెప్పేస్తాను, దానం స్టాంపు కాకపోయినా. నిజాం తపాలా చివరి రోజుల్లో, 1947లో మొదలైన వరుసలో, 3 అణాల దాని మీద మన కోటలోని కాకతీయ తోరణం ఉంది. 6 అణాల దాని మీద గోలకొండ. అనూష గారూ, పెట్టెలో వెతకండి!

హన్మకొండ_అనూష
లేదండీ, పెట్టెలో 1958కి ముందువి ఏవీ లేవు. మాస్టారు చెప్పిన టీబీ సీలు మాత్రం ఒకటి దొరికింది. ఒక ఇన్లాండ్ లెటర్ వెనక, మడత అతికించిన చోట. మూత తెరుచుకోకుండా అంటించినట్టున్నారు. తెరిచినప్పుడు నిలువునా చిరిగింది, రెండు ముక్కలూ అటొకటి ఇటొకటి ఉన్నాయి.

భద్రపరచడం ఎలా? మామూలు ప్లాస్టిక్ సంచులు తెచ్చాను.

పాత_ఉత్తరం
సంచులు వద్దు. ఆ మెత్తటి ప్లాస్టిక్ కొన్నాళ్లకు జిగురుగా మారి సిరాను లాగేసుకుంటుంది. స్టాంపుల దుకాణాల్లో గ్లాసిన్ అనే నున్నటి పలచని కాగితపు కవర్లు, పాలిస్టర్ తొడుగులు దొరుకుతాయి. టేపు, గమ్ము దగ్గరకు రానివ్వకండి. స్టేపుల్ పిన్నులుంటే తీసేయండి, మన వానాకాలానికి తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి. నిలువుగా పెట్టండి, ఎండ తగలకూడదు. చిరిగిన సీలును అతికించవద్దు. లోపలి ఉత్తరాన్ని కవరు నుంచి వేరు చేయకండి.

అన్నట్టు, లోపల ఉత్తరం ఉందా? ఇంతమందిమి పైన స్టాంపు గురించే అడిగాం.

హన్మకొండ_అనూష
ఉంది. నిన్న రాత్రి నానమ్మ చేత చదివించాను. చిన్న తాతయ్య రాత ఆమెకే అర్థమవుతుంది. ‘పూర్’ అంటే ఖరగ్‌పూర్. అక్కడ రైల్వేలో మన తెలుగువాళ్లు చాలామంది ఉండేవారట.

సగం ఉత్తరం ఇంటి సంగతులే. పెసర చేను, అక్కయ్య కాన్పు, పంపిన మనియార్డరు అందిందా అని. మధ్యలో నాలుగు వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను:

“స్టేషనులో బెంగాలు వాళ్లు చాలామంది దిగుతున్నారు. వాళ్లను వేరే బండ్లెక్కించి క్యాంపులకు పంపుతున్నారు. నిన్న ఒక ముసలాయన నన్ను పట్టుకుని ఏదో అడిగాడు, భాష వచ్చినా ఏం చెప్పాలో తెలియలేదు. ఉత్తరానికి ఐదు పైసలు ఎక్కువ తీసుకుంటున్నారు అన్నయ్యా, నువ్వు జవాబు రాసేటప్పుడు కవరైతే ఆ బిళ్ల మరచిపోకు.”

కాగజ్‌నగర్_శ్రీను
అక్కా, ఈ నాలుగు వాక్యాలు నా స్నేహితుడికి పంపించవచ్చా? వాళ్ల నానమ్మకు చదివి వినిపిస్తాడు.

హన్మకొండ_అనూష
తప్పకుండా పంపించు తమ్ముడూ.

రుద్రమ_వీధి
మీ తాతయ్య జవాబు రాశారా? కవరా, కార్డా?

హన్మకొండ_అనూష
అదే తెలుసుకోవాలని పొద్దున చిన్న తాతయ్య కూతురికి ఫోను చేశాను. వాళ్లు ఇంకా ఖరగ్‌పూర్‌లోనే ఉన్నారు. వాళ్ల అటక మీద కూడా ఒక పెట్టె ఉందట, ఎవరూ తెరవలేదట. ఆదివారం దింపుతామన్నారు. నీళ్లు మాత్రం ముట్టించవద్దని చెప్పాను.